మళ్ళీ చెప్పమ్మా

మా పక్కింటి ఆంటీ పోయారు. శనివారం పొద్దున పులిహోరకి పోపు పెడుతుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసి, "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందక్కా, నిద్రలోనే" అంది. నాకు స్పష్టంగానే వినబడింది. అయినా "ఏమన్నావు? మళ్ళీ చెప్పు" అన్నాను. అలా అడగడం నా అలవాటు కాదు, ఆంటీది. చివరికి ఆవిడ చావు కబురుకే నా నోట ఆ మాట రావాలా అని ఇప్పటికీ బాధగా ఉంది.

కెనడాలో ఈ మిల్టన్‌లో మావి గోడలు కలిసిన టౌన్‌హౌసులు. వాళ్ళ కుక్కర్ కూతలు మా హాల్లో లెక్కపెట్టుకోవచ్చు. ఆంటీది ఒంగోలు వైపు. టీచరు ట్రైనింగ్ అవగానే చర్చి వాళ్ళు టాంజానియాలో ఓ మారుమూల పల్లెలోని మిషన్ స్కూలుకి పంపితే వెళ్ళారు. రిటైరయ్యేదాకా అక్కడి ఆడపిల్లలకి లెక్కలు చెప్పారు. అంకుల్ పోయాక కూతురు స్పాన్సర్ చేసి ఇక్కడికి తెచ్చుకుంది. మేం ఈ ఇంట్లో దిగిన రోజు మంచులో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి "వందనాలమ్మా" అన్నారు. నేను "నమస్కారమండీ" అన్నాను గానీ, ఇదెక్కడి తద్దినం, రేపట్నించి చర్చికి రమ్మని ప్రాణం తీస్తుంది కాబోలు అని లోపల గొణుక్కున్నాను. ఆవిడ ఏనాడూ రమ్మనలేదు. గోంగూర పచ్చడి సీసా నా చేతిలో పెట్టి, "మీ అమ్మాయి పేరేమన్నావు? మళ్ళీ చెప్పమ్మా" అన్నారు.

అందరితోనూ అంతే. మందుల షాపులో అమ్మాయి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెబితే, ఆ చెప్పిందంతా ఆ అమ్మాయికే తిరిగి అప్పజెప్పి, "యూ సెడ్ దిస్, యెస్?" అని తేల్చుకుని గానీ కదిలేవారు కాదు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు గడియారాలు చూసుకునేవారు. చెవుడొచ్చిందని కూతురు పరీక్ష చేయించింది. డాక్టరు చెవులు భేషుగ్గా ఉన్నాయన్నా నమ్మక, చెవి మిషను కొనిచ్చింది. అది వంటింటి సొరుగులో అగ్గిపెట్టెల పక్కన పడి ఉండేది. నేను మాత్రం ఆవిడతో గొంతెత్తే మాట్లాడేదాన్ని.

"ఎందుకమ్మాయ్ అలా అరుస్తావు? నాకు బాగానే వినబడుతుంది."

"మరి చెప్పిందే మళ్ళీ మళ్ళీ ఎందుకు చెప్పించుకుంటారాంటీ?"

"వినబడితే సరిపోతుందా?" అని ఊరుకున్నారు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

శనివారాలు వాళ్ళ చర్చి కింది హాల్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి ఆ స్కూలు పిల్లలకి స్కర్టులు కుట్టేవాళ్ళు. ఆంటీ నన్ను పిలిచింది కూడా అక్కడికే, ప్రార్థనకి కాదు. "నీకు మిషను కుట్టడం వచ్చుగా, జేబులు కుట్టిపెడుదువు రా." ప్రతి స్కర్టుకీ లోతైన జేబుండాల్సిందే. ఆ పిల్లలు హాస్టల్లో ఉంటారు, ఒక్కొక్కళ్ళకీ ఒక రేకు పెట్టె, దానికో తాళం. "తాళంచెవి దాచుకోను తనకంటూ ఒక చోటుండాలి" అనేవారు. ఇంటి దగ్గరుంటే చదువు సగంలో మాన్పించి పెళ్ళి చేసేస్తారని, ఆ హాస్టలు పెట్టించడానికి ఆవిడ ఏళ్ళ తరబడి తిరిగారట. ఒకసారి హాల్లో ఓ తెల్లావిడ "పూర్ గర్ల్స్" అని నిట్టూరిస్తే, ఆంటీ సూదిలో దారం ఎక్కిస్తూనే, "నాట్ పూర్ గర్ల్స్. ఫామ్ టూ గర్ల్స్. దే హావ్ ఆల్జీబ్రా టెస్ట్ ఆన్ మండే" అన్నారు. ఫామ్ టూ అంటే అక్కడి హైస్కూల్లో రెండో ఏడు. నాకు నవ్వాగలేదు. ఆ రోజు నుంచే ఆవిడంటే నాకు ఇష్టం మొదలైంది.

పోయిన నెల మా అమ్మాయికి సంబంధం కుదిరింది. అమ్మాయి వాటర్లూలో మాస్టర్స్ చేస్తోంది. అబ్బాయి వాంకూవర్‌లో ఉద్యోగం, నెమ్మదైనవాడు, తెలిసినవాళ్ళ పిల్లాడు. నేను స్వీట్ల డబ్బా పట్టుకుని ఆంటీ దగ్గరికి పరిగెత్తాను.

"మా అమ్మాయిని వాంకూవర్ వాళ్ళకిస్తున్నామాంటీ."

"ఇస్తున్నారా? పిల్లేమన్నా పచ్చడి జాడీయా, ఇచ్చుకోడానికి?"

"అబ్బ, మాట వరసకి అందరం అలాగే అంటాం కదాంటీ."

"అక్కడా మాట వరసకే అంటారు" అన్నారు. అక్కడి స్వాహిలి భాషలో పెళ్ళికి మగవాడికో మాట, ఆడదానికో మాట ఉందట. మగవాడు పెళ్ళాడతాడు. ఆడదేమో పెళ్ళాడబడుతుంది. ఆ రెండో మాట 'ఓలేవా'. దానికి దగ్గర్లోనే 'ఎలేవా' అని ఇంకో మాట ఉంది. దానికి అర్థం చేసుకోవడం అని అర్థం.

"సరే, అమ్మాయేమంది?" అని అడిగారు.

"ఓకే అంది."

"ఎలా అంది?"

"ఎలా ఏమిటాంటీ, ఫోన్లో. పరీక్షల హడావుడిలో ఉంది. ఫైన్ అమ్మా, ఓకే అంది."

ఆంటీ స్వీటు నోట్లో పెట్టుకోలేదు. ప్లేటు పక్కన పెట్టి, నాకు అంతకుముందెప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

అక్కడికి వెళ్ళిన కొత్తల్లో, భాష ఇంకా సగమే వచ్చిన రోజుల్లో, ఆవిడ క్లాసులో లెక్కలు బాగా చేసే పిల్ల ఒకత్తె ఉండేది. ఓ రోజు వాళ్ళ నాన్న వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, "టీచర్, మా అమ్మాయికి" అంటూ ఏదో చెప్పాడు. ఆవిడకి చివరి మాట 'ఎలేవా' అని వినబడింది. మా పిల్లకి పాఠాలు బాగా అర్థమవుతున్నాయి అంటున్నాడనుకున్నారు. మురిసిపోయి, "అవునండీ, చాలా బాగుంది, చాలా సంతోషం" అని నేర్చుకున్న మాటలన్నీ వాడేశారు. ఆ పిల్ల అక్కడే నిలబడి ఆవిడ మొహంలోకే చూసింది. ఈవిడ దాని తలమీద చెయ్యేసి, రోడ్డుదాకా సాగనంపి వచ్చారు. ఆయనన్నది 'ఓలేవా'. పెళ్ళి చేసేస్తున్నామని చెప్పడానికి వచ్చాడు పాపం, మర్యాదగా.

రోజులు గడిచినా పిల్ల స్కూలుకి రాకపోతే, తోటి పిల్లలు సంగతి చెప్పారు. ఈవిడ ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళారు. పిల్ల చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఎందుకు ఒప్పుకున్నావే, నాతో ఒక్కమాట అనలేకపోయావా అంటే, "మీరు కూడా బాగుందన్నారు కదా టీచర్" అందట.

"చెవుల్లో ఏ లోపమూ లేదమ్మా నాకు, అప్పుడూ ఇప్పుడూ" అన్నారు ఆంటీ. "నాకు కావలసింది విన్నాను, అంతే." ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. ఆ బాధని అన్నేళ్ళు మోసి మోసి ఆరిపోయిన గొంతు అది. ఆ తర్వాత అక్కడి పాస్టరుగారితో పోట్లాడి మరీ ఒక పద్ధతి పెట్టించారట. చర్చిలో ఏ పెళ్ళైనా సరే, ముందు పిల్లని ఒంటరిగా అడగాలి. తండ్రీ అన్నలూ పక్కనుండకూడదు. స్కూలు వంటింట్లో పిల్లని కూర్చోబెట్టుకుని, ఇద్దరూ వేరుశనక్కాయలు వలుస్తూ, ఒకే ఒక్కసారి అడిగేవారు. "అడిగేశాక నోరు మూసుకోవాలి. అదే కష్టం. మనమే జవాబు కూడా అందించేస్తాం. పిల్ల చెప్పాక, మళ్ళీ చెప్పమ్మా అనాలి. రెండోసారి చెప్పిందే దాని మాట." వద్దన్న పిల్లల్ని ఇంటికి తీసుకెళ్ళనివ్వకుండా హాస్టలు గుమ్మంలో నిలబడి తిట్లు తిన్నారట. పెళ్ళైన జంటల్ని కూడా ఆ వంటింట్లోనే కూర్చోబెట్టి, మొగుడి చేతికీ ఓ చాట కాయలిచ్చి వలవమనేవారట.

"అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగు" అన్నారు చివరికి. "మంచి సంబంధమే కావచ్చు, నేను కాదనను. కానీ అడుగు."

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పొద్దూ, బాగా మండింది. ఎక్కడో ఆఫ్రికా పల్లెలో జరిగినదానికీ మాకూ పోలికేమిటి? మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఒక మాట అంటే పది మాటలు అప్పజెబుతుంది. ఇష్టం లేకపోతే చెప్పదా? పైగా హాలు బుక్ చేశాం, మా వదిన టికెట్లు కొనేసుకుంది. అదీగాక, అడిగితే ఏం చెబుతుందోనన్న భయం ఎక్కడో ఉంది. ఉంది కాబట్టే అడగలేదు.

తర్వాత ఎప్పుడు కనబడినా ఒకటే ప్రశ్న. చెత్త డబ్బా బయట పెడుతుంటే, రైలు దిగి నీరసంగా ఇంటికొస్తుంటే, కిటికీలోంచి "అడిగావా అమ్మాయ్?"

ఆవిడ పోవడానికి కొద్ది రోజుల ముందు, విసిగిపోయి, "అడిగానాంటీ" అనేశాను.

"ఎదురుగానా?"

"ఆ. ఎదురుగానే."

"మళ్ళీ చెప్పమన్నావా?"

"చెప్పమన్నాను. ఇష్టమేనంది."

ఆంటీ మొహం విచ్చుకుంది. "చాలా బాగుందమ్మా. చాలా సంతోషం" అంటూ నా తలమీద చెయ్యేశారు.

ఆ క్షణంలో నాకేమీ తట్టలేదు. హమ్మయ్య, వదిలిందిరా బాబూ అనుకున్నాను. భూస్థాపన రోజున, మట్టి వేసే వంతు నాదైనప్పుడు తట్టింది. ఒక పిల్ల విషయంలో తప్పు విని "చాలా బాగుంది" అన్నందుకు జీవితమంతా కుమిలిన మనిషి చేత, నేను రెండోసారి ఆ మాటే అనిపించాను. ఆ మొదటి తండ్రి అయినా నిజమే చెప్పాడు.

చర్చి వాళ్ళు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. జేబుల గురించి చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ కూతురు నన్ను పట్టుకుని, "మీరంటే అమ్మకి ఎంత నమ్మకమో అక్కా" అని ఏడ్చింది. నేనెక్కడ దాక్కోవాలో తెలియలేదు. ఇదంతా ఆ హాల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి కూడా భూస్థాపనకి వాటర్లూ నుంచి బస్సులో వచ్చింది. చిన్నప్పుడు ఆంటీ దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల, తన ఏడుపు తనది. ఇంటికొచ్చాక వాళ్ళ నాన్నని పాలు తెమ్మని బయటికి పంపాను. వేరుశనక్కాయల సంచీ బల్లమీద కుమ్మరించాను. అమ్మాయి ఎదురుగా కూర్చుని, ఏమిటిది అన్నట్టు చూసి, తనూ ఒక కాయ తీసుకుంది.

"ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా?" అన్నాను.

అని నోరు మూసుకున్నాను. అబ్బాయి మంచివాడు కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. హాలు సంగతి వచ్చింది. అదీ మింగాను. ఎంత కష్టమో ఆంటీ చెబితే చాదస్తం అనుకున్నాను. తొక్కలు పోగవుతున్నాయి. ఫ్రిజ్ శబ్దం తప్ప ఇంట్లో ఏమీ లేదు. గోడ అవతల కూడా ఏమీ లేదు.

"యూ హాడ్ ఆల్రెడీ టోల్డ్ ఎవ్రీవన్, అమ్మా" అంది తలెత్తకుండా. "సో ఐ సెడ్ ఓకే."

 చేయాల్సింది ఇంకొకటుంది.

"మళ్ళీ చెప్పమ్మా."

అమ్మాయి చేతిలో కాయ కింద పెట్టింది. ఈసారి తెలుగులో, చిన్నప్పుడు ఆంటీకి ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా, "నాకు ఈ పెళ్ళి వద్దమ్మా" అంది.

"వద్దన్నావు" అన్నాను. "ఈ పెళ్ళి వద్దన్నావు. అంతేనా?"

"అంతే."

"అర్థమైంది" అన్నాను, కాస్త గట్టిగానే, గోడ అవతలికి వినబడేలా. తర్వాత ఇద్దరం మిగిలిన కాయలన్నీ వలిచాం.