వంటింటి కుళాయి నట్టు వదులు చేసింది ఎవరు?

రిటైరైన దగ్గర నుంచీ మా ఆవిడ నన్ను ఇంట్లో కుళాయి ముట్టనివ్వదు. బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఇంజిన్ పైపులు బిగించిన చెయ్యి నాది. ఆ బిగింపుకి ప్లాస్టిక్ కుళాయి పగిలితే తప్పు కుళాయిదే. అయినా ప్రతిసారీ బయటి మిస్త్రీనే పిలుస్తుంది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను మంచం దిగడమే మానేశాను. ఈ రోజు వంటింటి కుళాయి కారుతోందని తనే పైపు రెంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. గోడ పట్టుకుని మెల్లగా వెళ్లి చూశాను. వాషరు బాగానే ఉంది. నట్టు మీద మాత్రం వంటింటి పట్కారు గీతలు, కొత్తవి.

"ఏటే, దీన్ని నువ్వే వదులు చేసినావా?"

"నాకేటి తెలుసండి? డాక్టరు నడవమంటే నడవనేదు, నాను బతిమాల్తే నడవనేదు. కుళాయి పిలిస్తే వచ్చినారు కదా!"

నట్టు బిగించాను. అంతసేపూ నా నడుం పట్టుకునే నిలబడింది.

సాయంత్రమైనా ఒప్పుకోలేదు. బాత్రూం కుళాయి ఇంకా దూరం. రేపు అది కారుతుందేమోనని రెంచి మంచం పక్కనే పెట్టుకున్నాను. మన గ్రూపులో వాళ్లు చెప్పండి, మీ ఇళ్లలోనూ ఇలాగే చేస్తారా? ఆదివారంలోగా జవాబు రాయండి, ఊరికే బొటనవేలు బొమ్మలు పెట్టొద్దు.