గుడ్డ తియ్యక తప్పదన్నాను

ఆరేళ్ల క్రితం ఒకావిడకి ఒక అబద్ధం చెప్పాను. పెద్ద కథేమీ కాదు, ఒక్క మాట. అది అనడానికి రెండు క్షణాలు కూడా పట్టి ఉండదు. అప్పటినుంచీ మోస్తూనే ఉన్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అయ్యో పాపం అనకండి, అంతే చాలు. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది. ఆ మంట చల్లారి, మళ్లీ నాకు నేనే సర్దిచెప్పుకోకముందే రాసెయ్యాలి.

నేను డిజైనర్ని. చీరల డిజైన్లు కాదు, మొదట్లో మా అమ్మ అలాగే అనుకుని పక్కింటావిడకి చెప్పేసింది. ఫోనులో ఏది ఎక్కడ నొక్కాలి, నొక్కితే ఏం రావాలి, వాడేవాళ్లకి ఎక్కడ తికమక అవుతోంది, అవన్నీ చూసే పని. యూఎక్స్ అంటారు. మనుషుల దగ్గరికెళ్లి కూర్చుని, వాళ్ల పని చూసి, వాళ్ల మాట విని, అప్పుడు గీయాలి. ఈ వినడం గురించి మావాళ్లు గంటలు గంటలు ఉపన్యాసాలిస్తారు. గోడల నిండా రంగురంగుల చీటీలు అంటించి, యూజర్ ఏమనుకుంటోంది, యూజర్‌కి ఎక్కడ బాధగా ఉంది అని రాస్తారు. నేనూ రాశాను, నేనూ ఉపన్యాసాలిచ్చాను. సిగ్గు లేకపోతే సరి.

అప్పట్లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేసేదాన్ని. మిరపకాయల గోడౌన్లలో పనిచేసే ఆడవాళ్ల హాజరు ఫోను వేసుకునేలా ఒక యాప్ చేస్తున్నాం. ఫోను మొహం చూసి, ఫలానావిడ వచ్చింది అని రాసుకుంటుంది. ఎవరి చేతిలోనూ పెన్ను ఉండదు, ఎవరూ ఎవరి హాజరూ కొట్టెయ్యలేరు. ఆలోచన చెడ్డది కాదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. నేను గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, మిరపకాయ అంటే తెలుసు కాబట్టి, నన్నే పంపారు. మీ ఊరివాళ్లేగా, నీతో మనసు విప్పి మాట్లాడతారు అన్నాడు మా బాసు. నిజంగానే మాట్లాడారు. నాకు అదే ఇప్పుడు భరించరానిది.

అద్దంకి దగ్గర గోడౌను. లోపల గుట్టలు గుట్టలుగా ఎండుమిర్చి, చుట్టూ వరసలుగా కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లు. గుమ్మంలో అడుగుపెట్టగానే నాకు తుమ్ములు, దగ్గు, కళ్లలో నీళ్లు. గుంటూరు పిల్లవి, నీకేంటి అని నవ్వారు వాళ్లు. ప్రతి ఒక్కరూ పాతచీర ముక్క తడిపి, ముక్కూ నోరూ మూసేలా చుట్టుకుని, చెవి వెనక ముడి వేసుకుని ఉంటారు. మధ్యాహ్నం అన్నానికి బయటికొచ్చినప్పుడే ఆ ముడి విప్పుతారు. లోపల మాత్రం ఎంత ఉక్కపోసినా విప్పరు. అది అక్కడి పద్ధతి, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

మా ఫోనేమో గోడౌను మధ్యలో స్తంభానికి బిగించారు. రోజుకి నాలుగుసార్లు హాజరు కావాలన్నాడు గోడౌను ఆసామి, మనుషులు మధ్యలో వెళ్లిపోతున్నారని. ఇక ఆడవాళ్లు లేచి, వరసలో నిలబడి, ఒక్కొక్కరే ఆ ఫోను ముందు మొహం పెట్టాలి. గుడ్డ ఉంటే ఫోను గుర్తుపట్టదు. ఎర్రగీత వస్తుంది, ఆ పూట రానట్టే లెక్క.

వాళ్లలో సువార్తమ్మ గారని ఒకావిడ. నలభై అయిదేళ్లుంటాయి. మిగతా ఆడవాళ్లంతా ఆవిడ మాట వింటారు. ఆదివారం వాళ్ల చర్చిలో పాట ఎత్తేది ఆవిడేనట. ఆ గుడ్డ కిందనుంచి కూడా సన్నగా పాడుతూనే ఉండేది, పక్కవాళ్లు అందుకునేవాళ్లు. మూడో రోజు మధ్యాహ్నం బయట కుళాయి దగ్గర, చేతుల మంటకి కొబ్బరినూనె రాసుకుంటూ నన్ను పిలిచింది.

“అమ్మా, ఈ గుడ్డ తియ్యకుండా అయ్యే పని కాదా? లోపల తీస్తే ఊపిరాడదు మాకు.”

“కుదరదండీ. మొహమంతా కనబడితేనే ఫోను గుర్తుపడుతుంది.”

“ఇంకో దారేం లేదా?”

“లేదండీ. గుడ్డ తియ్యక తప్పదు.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేనూ చూశాను, కళ్లు తిప్పుకోలేదు. అబద్ధం చెప్పేవాళ్లు కళ్లు దించుకుంటారంటారు గానీ, అదేమీ లేదు. చక్కగా చెప్పెయ్యొచ్చు.

“సరేలేమ్మా. చదువుకున్నోళ్లు, మీరే లేదంటే ఇంకేముంటది” అంది. అని ఊరుకుని ఉంటే బాగుండేది. వెనక్కి తిరిగి మిగతావాళ్లకి తనే చెప్పింది, ఆ అమ్మాయి కూడా చూసింది, కుదరదంట, ఒక్క నిమిషమేగా, తీద్దాం అని. అప్పటిదాకా గొణుక్కుంటున్నవాళ్లు ఆవిడ మాటమీద ఊరుకున్నారు.

ఇంకో దారి ఉంది. ఆ సంగతి నాకు ముందురోజే తెలుసు. ఫోను తెర మీద అందరి ఫొటోలూ వరసగా పెట్టి, ఎవరి ఫొటో మీద వాళ్లు వేలు పెడితే, పక్కనున్న మేస్త్రి చూసి ఔనంటే సరిపోతుంది. అదీ వద్దనుకుంటే, ఫోనుని లోపలి స్తంభం నుంచి విప్పి బయట గేటు దగ్గర గాలిలో పెడితే అయిపోయె. మొదటిది నాకు రెండు రోజుల పని. రెండోది ఒక మేకు పని.

మరెందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. పైవాళ్లు ఒప్పుకోరని ఒకసారి అనుకుంటాను. ఒప్పుకోరని నాకెలా తెలుసు, నేను అడిగితేగా? అసలు సంగతి, పది రోజుల్లో పెద్ద కంపెనీవాళ్లకి ఆ యాప్ చూపించాలి, మొహం చూసి గుర్తుపట్టడమే అందులో గొప్ప, అది నచ్చితే ఆ పనికంతటికీ నన్ను పెద్దని చేస్తానన్నాడు మా బాసు. ఆ టైములో వేలు పెడితే చాలు అని వెళ్లి చెబితే అందరి ఉత్సాహం మీదా నీళ్లు చల్లినట్టు ఉంటుందనుకున్నాను. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ అబద్ధం చెప్పమనలేదు. నా అంతట నేనే చెప్పాను. పైగా రిపోర్టులో ఏం రాశానో తెలుసా? వాడేవారికి అభ్యంతరం లేదు, అని. ఆ వాక్యం రాసిన చెయ్యి ఇదే.

పెద్దదాన్నయ్యాను. మంచి పేరొచ్చింది. ఆ తర్వాత కంపెనీలు మారాను, ఇప్పుడు నా కింద పన్నెండు మంది ఉన్నారు.

పోయినేడు ఒకావిడ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. తనూ డిజైనరే, నా వయసే. డిజైనర్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, టెక్నాలజీ ఏమిటి, పని ఏమిటి, మీ జీవితానికి పర్పస్ ఏమిటి అని తీరిగ్గా మాట్లాడించి నెట్‌లో పెడుతుంది. మా వాళ్లు చాలామంది వింటారు. మీరు చేసినవాటిలో మీ మనసుకి దగ్గరైన పని ఏది అని అడిగింది. నోరు ఎలా వచ్చిందో నాకు, ఆ గోడౌను గురించి చెప్పాను. పుస్తకంలో హాజరు కొట్టేసే కష్టం ఎలా పోయిందో చెప్పాను. మూడు రోజులు వాళ్ల మధ్య కూర్చుని, నేనూ మూతికి గుడ్డ కట్టుకుని విన్నానని చెప్పాను. సువార్తమ్మ గారి పాట గురించి కూడా చెప్పాను. అన్నీ నిజాలే. వాటన్నిటినీ పేర్చి ఆ ఒక్కదాన్నీ కప్పెట్టాను. కళ్లు చెమర్చాయని, ఉద్యోగం మానేద్దామనుకున్న మాకు మళ్లీ ఆశ పుట్టిందని ఎంతమంది రాశారో. ఒక్కొక్కటీ చదివాను. అందరికీ థాంక్సని జవాబు రాశాను.

అది బాగా ఆడింది కదా, రెండో భాగం చేద్దాం, ఈసారి ఆ సువార్తమ్మ గారి దగ్గరికే మైకు పట్టుకెళ్దాం అంది ఆవిడ. వద్దనడానికి కారణం దొరక్క వెళ్లాను.

గోడౌనులో సువార్తమ్మ గారు కనబడలేదు. స్తంభానికి ఫోను మాత్రం ఉంది. ఆడవాళ్లు గుడ్డలు దించుకుని, దగ్గుకుంటూ మొహాలు చూపిస్తున్నారు. సువార్తమ్మ మానేసి మూడేళ్లయింది, ఇంటి దగ్గరే ఉంటోంది అన్నారు. ఇంటికెళ్లాం. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది. కుర్చీలు వేయించి, టీ పెట్టించింది. గొంతు మారిపోయింది, బొంగురు. నాలుగు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. చర్చికి వెళుతోంది గానీ పాట ఎత్తడం లేదట, వేరేవాళ్లు ఎత్తుతున్నారట. డాక్టరు మిరపకాయల ఛాయలకి పోవద్దన్నాడట. ఇరవై ఏళ్ల ఘాటు అన్నాడు గానీ గుడ్డ తీసినందుకే అని డాక్టరేమీ అనలేదు. ఆ ముక్క పట్టుకుని నేను ఎన్ని రోజులు వేలాడానో నాకే తెలుసు. ఇరవై ఏళ్లు పాడిన మనిషి, ఆ ఫోను వచ్చాక మూడేళ్లకే ఎందుకు ఆపేసింది అని మాత్రం నన్ను నేను అడగలేదు.

మైకు ముందు పెట్టగానే ఆవిడ నా గురించి మొదలుపెట్టింది. ఈ అమ్మాయి మంచిది, మా కోసం ఎంతో చూసింది, మిషనుకే కుదర్లేదు, ఈవిడేం చేస్తది అని. ఇన్నేళ్లూ ఎవరైనా ఆ యాప్ పెట్టినవాళ్లని తిడితే ఆవిడ అడ్డుపడేదట. పక్కన మా ఇంటర్వ్యూ ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. నేను టీ తాగుతూ కూర్చున్నాను. అక్కడ, అప్పుడు, నోరు తెరవాల్సింది. తెరవలేదు.

తిరిగొచ్చాక వారం రోజులు నాలో నేనే కొట్టుకుని, చివరికి ఆ ఇంటర్వ్యూ ఆవిడకి మొత్తం చెప్పేశాను. అది నెట్‌లో పెట్టొద్దు, ఆవిడ చెప్పిందంతా నా అబద్ధం మీద నిలబడి ఉంది అని. ఆవిడ అంతా విని, ఎంత ధైర్యంగా చెప్పారండీ, ఇదే మూడో భాగం చేద్దాం, మన ఫీల్డులో ఇలాంటి నిజాయితీ ఎంతో అవసరం అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి ఊపిరి పోతే, దాంట్లోంచి కూడా నాకు ఒక చప్పట్ల కార్యక్రమం చేస్తుందట. ఆవిడ మీద అరిచాను. ఫోను పెట్టేశాక తెలిసింది, అరవాల్సింది ఆవిడ మీద కాదు. మొదట ఆవిడకి చెప్పడం కూడా నా పిరికితనమే. చెప్పాల్సిన మనిషి వేరే ఉంది.

సువార్తమ్మ గారికి ఫోన్ చేశాను. ఇంకో దారి ఉందని, నాకు ముందే తెలుసని, నా స్వార్థానికి లేదన్నానని చెప్పాను. ఆవిడ వింది. ఊపిరి చప్పుడు వినబడుతూనే ఉంది. నన్ను తిట్టలేదు.

“ఆ రోజు గుడ్డ తియ్యమని ఆళ్లకి చెప్పింది నేను. ఇప్పుడు ఆళ్లకి నేనేం చెప్పాల? మీరే వచ్చి చెప్పండి. ఆదివారం ఆరాధన అయినాక అందరూ ఉంటారు.”

వెళ్లాను. చర్చి వసారాలో ఇరవైమంది దాకా కూర్చున్నారు. నుంచునే చెప్పాను. మాటలు తడబడ్డాయి గానీ ఏదీ దాచలేదు. అసలు ఏం చేస్తే సరిపోయేదో కూడా చెప్పాను. ఎవరి ఫొటో మీద వాళ్లు వేలు పెట్టడం. లేదా ఫోను తెచ్చి బయట గేటు దగ్గర పెట్టడం.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడకి అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది.

“ఇంతేనా?” అంది.

“ఇంతేనండి” అన్నాను.

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సువార్తమ్మ గారు కూడా లేచి, నా వైపు చూడకుండా మెట్లు దిగింది. మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ నడిచింది. క్షమించమని నేను అడగలేదు, ఆవిడ అనలేదు. అడిగే మొహం నాకు లేదు. యాప్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కనుక్కుని వాళ్లకి రెండుసార్లు రాశాను, మీ సూచనకు ధన్యవాదాలు అని రెండుసార్లూ అదే జవాబు వచ్చింది. మళ్లీ రాస్తాను. కానీ ఆ ఆదివారం తిరిగి బస్సెక్కాక, ఆరేళ్లలో మొదటిసారి, ఎవరైనా నన్ను మంచిదని అంటారేమోనన్న భయం లేకుండా కిటికీ పక్కన కూర్చోగలిగాను.