చిన్నమ్మ ఇంటి మీద చదువు అప్పు

రెండు చోట్ల నుంచి నాకు సీటు ఒకే వారంలో వచ్చింది. ఒకటి ఢిల్లీలో, ప్రభుత్వ విశ్వవిద్యాలయం. రెండోది యూరప్‌లో, ప్రపంచంలోని పెద్ద పెద్ద సంస్థల ఆఫీసులన్నీ ఉండే ఒక ఊళ్లో. రెండు చోట్లా చదువు ఒకటే, అంతర్జాతీయ వ్యవహారాల్లో పీజీ. ఢిల్లీలో ఏడాది ఫీజు, మా పొలంలో బోరు మోటారు కాలిపోతే బాగు చేయించే ఖర్చంత. యూరప్ వాళ్లు ఫీజులో కొంత తగ్గించారు. అయినా గది బాడుగ, తిండి, వీసా కోసం ఖాతాలో చూపించాల్సిన డబ్బు, అన్నీ కలిపితే నలభై లక్షలకు దగ్గరగా తేలింది. కోడుమూరు దగ్గర మా నాయనకున్న మెట్ట పొలం మొత్తం అమ్మినా ఆ లెక్కకు చాలదు.

ఆ చదువేమిటో ఇంట్లో చెప్పడమే ముందు కష్టమైంది.

"అది చదివితే ఏమైతావు పాపా?" అని అడిగాడు నాయన.

దేశాలు ఒకదానితో ఒకటి చేసుకునే ఒప్పందాల గురించి, పనికోసం పరాయి దేశం పోయినవాళ్ల హక్కుల గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"కలెక్టరు పరీక్ష మాదిరి ఏమన్నా ఉంటాదా దానికి?"

"ఉంటాది నాయనా. కానీ ఆ పరీక్షకు ఈ చదువే చదవాలని లేదు."

"మరి ఈ చదువెందుకు?"

ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. కడపలో ఇచ్చారు. చిన్నాయన నాపరాళ్లు పాలిష్ పట్టే చోట పని చేసేవాడు. కొన్నేళ్లకు ఇంకో సంసారం పెట్టుకొని వెళ్లిపోయాడు. పిల్లల్లేరు. కడప చుట్టుపక్కల ఎంతోమంది ఆడవాళ్లు పోయినట్టే ఆమె కూడా కువైట్ పోయింది, ఇంటిపనికి. మొదటిసారి మంచి ఇల్లు దొరికింది. ఆ డబ్బుతో కడపలో చిన్న స్థలం కొని రెండు గదులు వేసుకుంది. నేను డిగ్రీ చదివింది ఆ ఇంట్లో ఉండే. అప్పటికి ఆమె రెండోసారి పోయింది, మిద్దె మీద ఇంకో గది వేసుకోవాలని.

ఆ రెండో ఇల్లు మంచిది కాదు. పోయిన రోజే ఇంటావిడ పాస్‌పోర్టు తీసుకొని బీరువాలో పెట్టుకుంది. పోగొట్టుకుంటావు, మా దగ్గర భద్రంగా ఉంటుందిలే అన్నదట. ఒప్పందం గడువు అయిపోయినా పంపలేదు. జీతం ఒక నెల ఇస్తే రెండు నెలలు ఇచ్చేవాళ్లు కాదు. చిన్నమ్మ స్నానాల గదిలో కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడు మాటున నాకు ఫోన్ చేసేది. "ఏం చేస్తాండావు పాపా, తిన్యావా?" అని మొదలుపెట్టి, ఇంకో మాట మాట్లాడకుండానే పెట్టేసేది.

నాకు వచ్చిన ఇంగ్లీషులో అక్కడి మన రాయబార కార్యాలయానికి మెయిల్ రాశాను. జవాబు రాకపోతే మళ్లీ రాశాను. ఒకరోజు కాలేజీలో ఉండగా అక్కడి నుంచి ఒక అధికారిణి ఫోన్ చేసింది. చిన్నమ్మ పని చేసే ఇంటి యజమాని పేరు, ఆ వీధి ఆనవాళ్లు, ఎవరి ద్వారా పోయింది, కాగితంలో జీతం ఎంత రాశారు, అన్నీ నెమ్మదిగా అడిగి రాసుకుంది. ఒక పరాయి వంటింటికీ మా ఇంటికీ మధ్య చట్టాలూ ఆఫీసులూ ఒప్పందాలూ ఉంటాయని, వాటి గురించి తెలిసిన మనిషి ఒకరుంటే ఆ వంటింటి తలుపు తెరుచుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ కార్యాలయం వాళ్లిచ్చిన తాత్కాలిక ప్రయాణ పత్రం మీద చిన్నమ్మ తిరిగొచ్చింది. పాస్‌పోర్టు ఆ బీరువాలోనే ఉండిపోయింది. ఆ అధికారిణి మాదిరి కావాలని నేను ఎవరికీ చెప్పలేదు కానీ, తర్వాత చదివిందంతా దానికోసమే.

యూరప్ సీటు సంగతి చిన్నమ్మకు ఫోన్‌లో చెప్పగానే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బ్యాంకోళ్లకు ఏదో ఒకటి తాకట్టు పెట్టల్ల గదా. నా ఇల్లు పెట్టు. నాకు మాత్రం ఎవరుండారు?"

ఆ మాటతో నాకు ఆశ పుట్టింది. దాంతోపాటే భయం కూడా. ఆ యూరప్ బడిలో చదివిన మన తెలుగువాళ్లెవరైనా ఉన్నారేమోనని వెతికితే, అనంతపురం వైపు ఆవిడ ఒకరు దొరికారు. చదువు ముగించి ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తోంది. ఆదివారం మాట్లాడదామంది. నేను అడగాల్సినవి ముందే అనుకొని కూచున్నాను. మొదటి ఉద్యోగం ఎప్పుడు వచ్చింది, జీతం ఎంత, అందులో కిస్తుకు పోయేదెంత. ఎవరినైనా ఇలా సూటిగా అడగడం అదే మొదలు. ఆమె నొచ్చుకోలేదు.

"పెద్ద సంస్థల్లో ముందు ఇంటర్న్‌షిప్ చేయాలమ్మా. కొన్నింటిలో ఎంతో కొంత ఇస్తారు, కొన్నింటిలో ఏమీ ఇవ్వరు. చదువు అయ్యాక కూడా అలా ఏడాది గడవచ్చు. నీ వడ్డీ మాత్రం చదువుతున్నప్పటి నుంచే పెరుగుతూ ఉంటుంది. నేను శరణార్థుల కోసం పని చేయాలని వచ్చాను. ఇప్పుడు కంపెనీలకు సుంకాల మీద రిపోర్టులు రాస్తున్నా. పని చెడ్డదని కాదు. కిస్తు కట్టాలి కదా."

"అయితే రావద్దంటారా అక్కా?"

"అనను. బడి చాలా మంచిది. ఇక్కడ నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకునేదాన్ని కాదు. కానీ మా తరగతిలో తమకు నచ్చిన పనిలోకి పోయినవాళ్లు ఎవరంటే, పూర్తి స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లు, ఇంట్లో ఆస్తులున్నవాళ్లు. అప్పు చేసి వచ్చినవాళ్లం జీతం ఎక్కడుంటే అక్కడికి పోయాం. నువ్వు స్కాలర్‌షిప్ ఇంకా పెంచమని అడుగు. లేదంటే సీటు ఏడాది ఆపి ఉంచమని అడుగు."

రెండూ అడిగాను. సీటు ఏడాది ఆపడం కుదరదని, ఇచ్చిన తగ్గింపుకు మించి తమ దగ్గర లేదని చాలా మర్యాదగా జవాబు రాశారు. ఫీజు మొదటి భాగం కట్టే గడువు దగ్గర పడింది.

అప్పు కోసం బ్యాంకులో మాట్లాడదామని నాయనా నేనూ కర్నూలులో కడప బస్సు ఎక్కాం. ఎండలు ముదిరిన రోజులు. మైదుకూరులో బస్సు కాసేపు ఆగితే టీ తాగడానికి దిగాం. నాయన అక్కడ బెంచీ మీద కూచొని మొదలుపెట్టాడు.

"నేను బోర్లకు తెచ్చిన అప్పు నీకు తెలుసు గదా."

తెలుసన్నాను. వరసగా వేసిన బోర్లలో నీళ్లు పడింది ఒక్కదాంట్లో. అదీ రెండు పంటలకే ఎండిపోయింది.

"ఆ దుడ్లు కడితిమా లేదా అంటే కడితిమి. అది కాదు నేను చెప్పేది. కట్టే ఆ యేండ్లల్లో చేయకుండా ఇడిసిపెట్టిన పనులు శానా ఉండాయి పాపా. మీ అమ్మకు చెవి నొప్పి వచ్చినప్పుడు కర్నూల్లో పెద్ద డాక్టరు దగ్గరికి తీస్కపోదామనుకున్యా. కిస్తు అయినాక పోదాంలే అన్యాది. నేనూ సరేలే అన్యా."

అమ్మకు ఎడమ చెవి వినపడదని నాకు తెలుసు. ఎందుకు వినపడదో ఆరోజు వరకూ తెలియదు. వయసుతో వచ్చిందనుకున్నాను.

"పోవద్దు అనడంలే," అన్నాడు నాయన, గ్లాసు కింద పెట్టి. "తెలిసి పొమ్మంటాండా."

కడపలో చిన్నమ్మ బ్యాంకు మెట్ల దగ్గరే నిలబడి ఉంది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకొని, ఇంటి దస్తావేజులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు చేతులతో పట్టుకొని ఉంది. లోపలి అధికారి చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. నా సీటు కాగితం చదివి, ఈ కోర్సుకు అప్పు అడిగిన వాళ్లు ఇంతకుముందు ఎవరూ రాలేదని అన్నాడు. ఇంజినీరింగు అయితే ఉద్యోగం సంగతి తనకు అంచనా ఉంటుందని, దీని గురించి పై ఆఫీసును అడగాల్సి వస్తుందని, అయినా తాకట్టు ఉంది కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చని చెప్పాడు. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగి షరతులన్నీ తెలుగులో వివరించాడు. ఏదీ దాచలేదు.

"అసలు దస్తావేజులు మా దగ్గరే ఉంటాయమ్మా."

"ఎన్నాళ్లు సార్?"

"అప్పు తీరేదాకా. పదేళ్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు."

"మధ్యలో నాకు కావల్సొస్తే?"

"కుదరదమ్మా. అయినా మీకేం భయం లేదు. మా దగ్గర భద్రంగా ఉంటాయి."

చిన్నమ్మ తల వంచుకుంది. "వాళ్లు గూడా అట్లే అన్యారు," అంది మెల్లగా.

"ఎవరమ్మా?" అన్నాడు ఆయన.

"ఏంలేదు సార్." కవర్ బల్ల మీద పెట్టి ఆయన వైపు జరిపింది. జరిపింది కానీ చెయ్యి దాని మీద నుంచి తియ్యలేదు. ఆయన అందుకోవడానికి చెయ్యి చాపి, అలాగే ఆగిపోయాడు. ఆమె మొహంలో ఏమీ లేదు. ఏడుపు లేదు, కోపం లేదు. కువైట్ నుంచి వచ్చి విమానాశ్రయంలో దిగిన రోజు బయటికి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

నేను ఆ కవర్ తీసుకున్నాను. "ఇంకోరోజు వస్తాం సార్," అన్నాను.

బయట జిరాక్సు షాపు నీడలో నిలబడ్డాక చిన్నమ్మ నా వైపు తిరిగింది.

"ఎందుకు తీసినావు?"

"నీకు భయమేస్తాంది చిన్నమ్మా."

"భయమేస్తే నాకేస్తాంది. నా ఇల్లు, నా భయం. మధ్యలో నువ్వెవరు? ఆ ఎడారిలో దినారు దినారు కూడబెట్టింది దేనికి? తాళమేసుకోని లోపల కూచోనీకా? నా చేతిలో ఒకటుండాది, ఒకరికి ఇయ్యాలని ఉండాది. అది గూడా నీకు పనికి రాలేదు."

నాయన ఏదో చెప్పబోయాడు. "నువ్వుండు బావా," అంది. కవర్ నా చేతిలోంచి లాక్కొని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మేం ఆమె ఇంటికి పోలేదు. తిరుగు బస్సు ఎక్కాం.

గడువు దాటడానికి ముందు యూరప్ వాళ్లకు రాలేనని రాశాను. రాసి, మిద్దె మీదికి పోయి చాలాసేపు ఏడ్చాను. సరైన పని చేశానన్న ధైర్యం ఆ రోజు లేదు. తర్వాత కూడా పూర్తిగా వచ్చిందని చెప్పలేను.

ఢిల్లీ చదువు ఢిల్లీ చదువు మాదిరే ఉంది. హాస్టల్ గదిలో ముగ్గురం. గ్రంథాలయం గొప్పది. వలస కూలీల చట్టాలు చెప్పే ఒక పంతులమ్మ మాత్రం నేను ఏ దేశం పోయినా దొరికేది కాదు. కానీ యూరప్ బడి వాళ్ల సమావేశాలు ఫోన్‌లో చూసినప్పుడల్లా, నేను కూచోవాల్సిన కుర్చీలో ఇంకెవరో కూచున్నట్టు ఉండేది. చదువయ్యాక విదేశాంగ శాఖ కోసం పరీక్ష రాశాను. రాలేదు. మళ్లీ రాశాను. అప్పుడూ రాలేదు. ఆ రెండేళ్లూ నెలనెలా కట్టాల్సింది ఏదీ లేదు కాబట్టే రాయగలిగానని నాకు తెలుసు.

ఇప్పుడు కడపలో, గల్ఫ్ పోయేవాళ్లకూ అక్కడ ఇరుక్కున్నవాళ్లకూ సాయం చేసే ఒక చిన్న సంస్థలో పని చేస్తున్నాను. జీతం తక్కువ. కిస్తు ఉంటే ఈ ఉద్యోగం వైపు చూసేదాన్ని కూడా కాదు. అమ్మను చెవి డాక్టరుకు చూపించాను. ఆలస్యమైందన్నాడు. మిషన్ కొనిచ్చాను. అందులో గాలి హోరు తప్ప ఏమీ వినపడదని అమ్మ దాన్ని పెట్టుకోదు.

అప్పుడప్పుడు డిగ్రీ పిల్లలు ఫోన్ చేస్తారు, అక్కా అప్పు చేసి పోవచ్చా అని. నంద్యాల అమ్మాయి ఒకతె పోయింది. తాకట్టు లేకుండా వచ్చినంత అప్పు తీసుకొని, మిగతాది స్కాలర్‌షిప్‌తో సర్దుకుంది. బాగానే ఉంది. ఆమె పంపే ఫోటోలు చూస్తే నాకు సంతోషమే, కొంచెం కష్టం కూడా. పో అని గానీ పోవద్దని గానీ నేను ఎవరికీ చెప్పను. మొదటి ఏడాది జీతం రాకపోతే కిస్తు ఎవరు కడతారు, ఆ మనిషి ఏం వదులుకోవాల్సి వస్తుంది, అని మాత్రం అడుగుతాను.

ఆ బ్యాంకు రోజు తర్వాత చిన్నమ్మ నాతో ఏడాదిపైనే మాట్లాడలేదు. పండగకు అమ్మకు ఫోన్ చేసినా నా గురించి అడిగేది కాదట. నేను కడప వచ్చాక ఇంటికి పోతే అన్నం పెట్టింది, మాటలు మాత్రం ముక్తసరిగా. పోయిన నెల తనంతట తానే మా ఆఫీసుకు వచ్చింది, పక్కింటావిడను వెంటబెట్టుకొని. ఆవిడ కూతురు కువైట్‌లో ఉంది, నెలల తరబడి జీతం లేదు. నేను ఆ ఇంటి యజమాని పేరు, వీధి ఆనవాళ్లు, ఏజెంటు వివరాలు అడుగుతుంటే చిన్నమ్మ గోడ పక్క కుర్చీలో కూచొని వింటూ ఉంది. పని అయ్యాక పక్కింటావిడ కిందికి దిగింది. చిన్నమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆడికి పోయింటే ఇంకా పెద్ద ఆఫీసులో కూచోని ఈ పనే చేస్తాంటివి," అంది.

"చేస్తాంటినో లేదో చెప్పలేను చిన్నమ్మా."

"నాకు తెలుసు," అంది.

ఆమె చెప్పులేసుకొని, రెయిలింగు పట్టుకొని మెల్లగా మెట్లు దిగింది.