సెమిలిగుడ పళ్ల ఆసుపత్రిలో నా రక్తపుచుక్క

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన ఆ రోజుల్లో, ఎయిడ్స్ అన్నమాట చెవిన పడితే చాలు, ఒడిశా కొండల్లోని మా సెమిలిగుడలో పంటినొప్పి దానంతటదే తగ్గిపోయేది. నా కొత్త పళ్ల ఆసుపత్రికి (ఒక గది, ఒక కుర్చీ, మధ్యలో కర్టెన్) దవడ పట్టుకుని వచ్చిన లారీ డ్రైవర్లు, పంటితోపాటు ఆ పరీక్ష కూడా ఉచితంగా చేస్తామనగానే దవడ వదిలేసి చెప్పులు వెతుక్కునేవారు. ఓ సేవాసంస్థ వాళ్లు పరీక్ష సామాను ఇచ్చి, నాకూ మా సిస్టరమ్మకూ తర్ఫీదు ఇప్పించారు. అక్కడ నేర్చుకున్న ఉపన్యాసం నాకెంత ముద్దొచ్చేదంటే, నోట్లో దూదితో ఎదురు చెప్పలేని మనిషికి కూడా పూర్తిగా వినిపించేవాణ్ణి. భయం వద్దు, ఉన్నా మందులున్నాయి, ఫలితం మీ సొంతం, ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం.

ఓ సంతరోజు బెంచీ నిండా జనం ఉండగా, అందరూ బాబాయి అని పిలిచే పెద్ద డ్రైవరు (విజయనగరం వైపు మనిషి) ఉపన్యాసమంతా విని, తాపీగా అడిగాడు.

"అన్నీ బాగానే సెప్పేవు బాబూ. మరి నువ్వు సేయించుకున్నావేటి?"

చేయించుకోలేదు. చదువుకునే రోజుల్లో ఒక రోగికి మత్తిచ్చిన సూది గ్లవుజు దాటి నా వేలిలో దిగింది. ఎవరికీ చెప్పకుండా చేయి కడుక్కుని, ఆ సంగతిని కూడా కడిగేశాననుకున్నాను. ఇప్పుడు బెంచీ మొత్తం నావైపే చూస్తోంది. ఇదిగో, ఇప్పుడే చేయించుకుంటా, అన్నాను. అన్నది నేనే, గొంతు మాత్రం ఎవరిదో.

సిస్టరమ్మ నా వేలికి సూది గుచ్చి, కాసేపు ఆగమంది. రోగుల బెంచీ మీదే కూలబడ్డాను. వాళ్లంతా తమ నొప్పి మరిచి నా సేవలో పడ్డారు. ఒకాయన మంచినీళ్లు తెచ్చాడు. బుగ్గ వాచి మాట రాని మరొకాయన వీపు నిమిరాడు. బాబాయి పక్కన చేరి, నా ఉపన్యాసమే నాకు అప్పజెప్పాడు: భయపడకు బాబూ, ఉన్నా మందులున్నాయి. అందరికీ నేను పంచిపెట్టిన ఓదార్పు ఎంత పలచనిదో, తిరిగి నా చెవిన పడితే గానీ తెలియలేదు.

"నువ్వే ఇంత వణికితే, మేం పారిపోడం తప్పేటి?" అన్నాడాయన.

సిస్టరమ్మ కర్టెన్ వెనక్కి పిలిచి పరీక్ష పట్టీ చూపించింది. ఒకటే గీత. జబ్బు లేదన్నమాట. రెండు చేతులూ ఎత్తి అరవబోతూ బయటికొచ్చాను. బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సెప్పకు బాబూ. అది నీ సొంతమని నువ్వే సెప్పేవు. నువ్వు లేదని సెప్పేస్తే, రేపు నోరిప్పనోడికి ఉందనుకుంటారు."

నోరు మూసుకున్నాను. (పళ్ల డాక్టరు నోరు మూయడం వాళ్లు చూడడం అదే మొదలు.) బాబాయి లేచి, పరీక్షకి కర్టెన్ వెనక్కి వెళ్లాడు. ఆయన వెనక ఇంకొకరు లేచారు.

శుభవార్త గొంతులో అడ్డంపడి నా మొహం ఎలా పెట్టానో గానీ, వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరే నా భుజం తట్టి, ఒళ్లు జాగ్రత్తని చెప్పిపోయారు. మర్నాడు ఎవరో కోడిగుడ్లు, జామకాయలు పంపారు. నాకు ఉందనే అనుకున్నారు పాపం. అనుకునీ, పన్ను పీకించుకోవడానికి మళ్లీ నా చేతికిందకే వచ్చి నోరు తెరిచారు. వాళ్లకి ధైర్యం నూరిపొయ్యడానికి బయల్దేరిన ఆ కుర్రడాక్టరు గుర్తొస్తే, ఇప్పటికీ నవ్వొస్తుంది.