పైపుకు పెట్టిన బెజ్జం

నాకు కోపం ముందు పుట్టిందని, తెలివి తర్వాత పుట్టిందని మా అమ్మ అంటుంది. చేపల తొట్టి విషయంలో సరిగ్గా అదే జరిగింది.

నేను పాఠాలు చెప్పే జువాలజీ డిపార్ట్‌మెంట్ వరండాలో, హెడ్ సార్ గది పక్కన, మంచమంత పొడుగు గాజు తొట్టి ఒకటి ఉంది. అందులో తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు. వాటి మంచిచెడ్డలు చూసేది మా అటెండరు. ఇరవై ఏళ్లపాటు ప్రతి ఆదివారం లాలాపేట నుంచి వచ్చి, రబ్బరు పైపు ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోటితో పీల్చి, మురికి నీళ్లు బకెట్లలోకి దింపి, కొత్త నీళ్లు పోసేవాడు. ఆదివారం కూడా ఏంటన్నా అంటే, "చేపలకు సెలవుంటదా మేడం" అనేవాడు.

ఆయన రిటైర్మెంట్ ఇంకో నెల ఉందనగా స్టాఫ్ మీటింగులో హెడ్ సార్ తేల్చేశారు. ఈయన వెళ్లాక నీళ్లు మార్చే దిక్కు లేదు కాబట్టి చేపల్ని ఎవరికైనా ఇచ్చేసి తొట్టి తీసేద్దామన్నారు. టీ గ్లాసులు సర్దుతున్న అటెండరు తలొంచుకుని ట్రే ఎత్తుకుని బయటికి నడిచాడు. ఆయన అట్లా పోయేసరికి నాకు మండింది.

"నీళ్లు వాటంతటవే శుభ్రమయ్యేట్టు నేను చేస్తా సార్. అప్పుడు ఉంచుతారా?" అన్నాను.

"చెయ్యండి చూద్దాం. ఈ నెలాఖరు లోపు," అన్నారు సార్, నవ్వుతూ. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

ఫిల్టర్ కొని తేవచ్చు కదా అని అందరూ చెప్పారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చేపల మీద ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఒక ఫిల్టర్ కట్టలేనా? తొట్టి వెనక అద్దానికి, పైభాగాన, ఎవరో ఎప్పుడో పెట్టించిన రంధ్రం ఉంది. నా ప్లాను ప్రకారం అందులోంచి నీళ్లు కిందకు దిగుతాయి. కింద అడ్డుగోడలతో మూడు గదుల గాజు పెట్టె ఉంటుంది. మొదటి గదిలో స్పాంజి, రెండో గదిలో కుండపెంకులు, మూడో గదిలో చిన్న మోటారు. మోటారు శుభ్రమైన నీళ్లను పైపుతో మళ్లీ తొట్టిలోకి ఎక్కిస్తుంది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

తార్నాకలో మా ఇంటి సందు చివర అద్దాల దుకాణం ఉంది. "సైజులు చెప్పుండ్రి మేడం, నేను కోసిస్త," అన్నాడు దుకాణదారు. వద్దు, ఎట్లా కొయ్యాలో చూపిస్తే చాలన్నాను. ఆయన నన్ను కిందినుంచి మీదికి చూసి, కోత చక్రానికి కిరసనాయిలు చుక్క అంటించి నా చేతికిచ్చాడు.

"ఒక్కటే సారి గియ్యాలె. గీసినంక మళ్ల దాని మీద గియ్యొద్దు. అనుమానపడితే అద్దం ఊకోదు."

గీశాను. గీత మరీ సన్నగా కనిపించింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి గీశాను. అద్దం నాకిష్టమొచ్చిన చోట కాకుండా దానికిష్టమొచ్చిన చోట పగిలింది. రెండోదీ అంతే. మూడోదానికి ఆయన కుర్చీలోంచి లేచి, "జర ఆగుండ్రి మేడం, బీరువాల అద్దాలు గూడ అయిపోతయి," అన్నాడు. మూడు చెరువుల నీళ్లు తాగాక, నాలుగో అద్దం మీద కళ్లు మూసుకున్నంత ధైర్యంగా ఒక్కటే గీత గీసి, గీత కింద అగ్గిపుల్ల పెట్టి నొక్కాను. అప్పడం విరిగినట్టు టప్పున రెండయింది. అంచు ఎంత తిన్నగా ఉందో! పెళ్లినాడు కూడా నేనంత సంబరపడలేదు, ఈ మాట మా ఆయన ముందే అన్నాను కూడా.

ముక్కల్ని పాత చీరల్లో చుట్టి, స్కూటీ మీద, ప్రతి గుంతకూ దండం పెట్టుకుంటూ క్యాంపస్‌కు చేర్చాను. తీరా చూస్తే అడ్డుగోడలు పెట్టెలో పట్టవు. పెట్టె కొలత బయటినుంచి తీసుకున్నాను, అద్దం మందం మరిచిపోయాను. అటెండరు టేపు అందుకుని లోపలి కొలత తీసి, "చౌకట్ లోపల కొలుస్తరు గదా మేడం తలుపుకు," అన్నాడు చాలా మర్యాదగా. మళ్లీ తార్నాక. మళ్లీ కిరసనాయిలు.

సిలికాన్ జిగురుతో అతికించి రెండు రోజులు ఆరబెట్టాం. పచ్చడి జాడీ మూత తీసినట్టు వరండా అంతా పులుపు వాసన. మూడోరోజు మోటారు వేస్తే నీళ్లు చెప్పిన మాట విన్నట్టు గది నుంచి గదికి నడిచాయి. నేను ఒకటే మురిసిపోతున్నాను. ఆయన మాత్రం పైపునే చూస్తున్నాడు.

"కరెంటు పోతే ఏమైతది మేడం?"

"మోటారు ఆగుతుంది. నీళ్లు ఎక్కడివక్కడ ఉంటాయి."

"పైపు మూతి నీళ్లల్ల మునిగున్నది గదా."

"నేను లెక్క వేశానన్నా."

"ఇల్లు అలకంగనె పండుగ అయితదా," అని ఆయన గొణుక్కున్నాడు. విననట్టే ఊరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా కరెంటు పోయింది. బయట కేకలు. వచ్చి చూస్తే కింది పెట్టె పొంగి, నీళ్లు వరండా దాటి హెడ్ సార్ గదిలోకి పోతున్నాయి. నేను పరుగెత్తి మోటారు స్విచ్ ఆపేశాను. కరెంటే లేనప్పుడు స్విచ్ ఆపడమేంటో నన్నడగొద్దు. అటెండరు నింపాదిగా వచ్చి, తొట్టిలో మునిగిన పైపు మూతిని పైకెత్తాడు. నీళ్లు ఆగిపోయాయి.

"మూతి మునిగున్నంత సేపు నీళ్లు ఎనక్కి కిందికి గుంజుకొస్తయి మేడం. గాలి తాకితె ఆగుతయి. ఇరవై ఏండ్లు నోటితోని పీల్చిన, నాకు తెల్వదా?"

"ముందే చెప్పొచ్చు కదన్నా."

"చెప్పిన గదా."

చెప్పాడు. నేనే వినలేదు. నా చదువంతా ఆ నీళ్లలో కలిసి సార్ గదిలోకి పోయినట్టయింది, సిగ్గుతో చచ్చిపోయాను. సార్ ప్యాంటు మడుచుకుని గుమ్మంలో నిలబడి, ఇంకొక్కసారి ఇట్లా అయితే తొట్టి ఆ రోజే ఖాళీ అన్నారు. అటెండరు అదేమీ విననట్టు టీ కాచే స్టవ్ మీద మేకు కాల్చి, తొట్టిలో నీటిమట్టానికి వేలెడు కిందుగా వచ్చేట్టు మోటారు పైపుకు ఒక బెజ్జం పెట్టాడు. అంతే, అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

నెలాఖరున ఆయనకు వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు, సమోసాలు పంచారు. రెండు మాటలు మాట్లాడమంటే ఆయన మైకు ముట్టుకోలేదు. దండతోనే లేచి వరండాలోకి నడిచాడు. అందరం వెనకే వెళ్లాం. ఆయన మోటారు స్విచ్ ఆపాడు. హెడ్ సార్ రెండడుగులు వెనక్కి వేశారు. తొట్టిలో నీళ్లు వేలెడు దిగాయి, బెజ్జం గుటుక్కుమని గాలి మింగింది, నీళ్లు ఆగాయి. నేల మీద ఒక్క చుక్క లేదు.

సార్ వంగి నేల తడిమి చూసి, "తొట్టి ఇక్కడే ఉంటుంది," అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అటెండరు స్విచ్ వేసి, వచ్చి సమోసా తిన్నాడు.

ఆ ఆదివారం స్పాంజి కడుగుదామని వెళ్లాను, అది ఇక నా వంతు కదా. వెళ్తే ఆయన తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చొని ఉన్నాడు. పక్కన బకెట్ లేదు, రబ్బరు పైపు లేదు.

"ఇదేంటన్నా, ఇప్పుడు నీకు పనేం లేదు కదా?"

"పని లేదనే ఒచ్చిన మేడం," అన్నాడు, చేపల మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇన్నేండ్లల్ల ఒక్కనాడు గూడ కూసోని చూడలే."