దాచిపెట్టిన రెండో పాట

యూరప్ దేశాల పాటల పోటీకి ఇకమీదట కెనడా కూడా వెళ్తుందేమోనని నిన్న మనవరాలు ఫోన్లో చదివి వినిపిస్తూ, "హూ వుడ్ వీ ఈవెన్ సెండ్, అమ్మమ్మా?" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాని తప్పేం లేదు. ఆ పంపే పని ఒకప్పుడు నేనూ చేశాను, చేసి తగలేశాను.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, దేశానికొకరు చొప్పున తెలుగువాళ్లం పాడుకునే పోటీ. కెనడా తరఫున ఎవరన్నది తేల్చడానికి టొరంటో పక్కన ఎటోబికోలో ఒక బేస్‌మెంటులో కూర్చున్న మా కమిటీలో ఒకాయనకు కోస్తా గొంతు కావాలి, ఇంకొకాయనకు హైదరాబాదు గొంతు కావాలి, పాట మాత్రం ఎవరికీ అక్కర్లేదు. బట్టలకొట్లో పెరిగినదాన్ని కదా, బేరం కుదరని కొనుగోలుదారులా రెండుసార్లు లేచి గుమ్మం దాకా నడిచి, కిచెనర్‌లో ఉండే మా ఆడపడుచును ఖాయం చేయించాను. ఆమె వాళ్లమ్మ దగ్గర నేర్చిన తిరగలి పాట ఎత్తుకుంటే ఆ కమిటీ కూడా నోరు మూసుకుంది. కూతురు దాన్ని స్టేజి మీద పాడుతుంటే వినాలని మా అత్తగారు ఎక్కడో దూరాన ఉన్న రెజైనా నుంచి పనిగట్టుకుని వచ్చారు.

మొదటి రౌండు నెగ్గితేనే రెండో పాట. మా నాన్న కొట్లో ముందే మంచి చీర తీసేవాళ్లం కాదు. నాలుగు మామూలువి పరిచి, మొహాలు చూసి, అప్పుడు లోపలినుంచి అసలుది తెచ్చేవాళ్లం. ఆ తెలివే ఇక్కడా చూపించి, తిరగలి పాట ఫైనల్‌కి దాచమని, ముందు ఏదో మామూలు లలితగీతం పాడమని ఆమె ప్రాణం తీశాను.

"మొదట్లోనే ఇంటికి పంపేస్తే, వదినా?"

పంపరు, బేరం నాకు తెలుసన్నాను.

పంపేశారు. జడ్జీల ముందు ఇంకా బోలెడు దేశాలున్నాయి, మా లోపలి సరుకు కోసం కూర్చునే ఖర్మ వాళ్లకేం? హాలు బయట అందరిముందూ, "నా గొంతు మీ నాన్న కొట్లో చీర కాదు వదినా, మడిచి లోపల పెట్టడానికి" అని కడిగేసింది. మా అత్తగారు కోటు తొడుక్కున్నారు. మరుసటి చలికాలానికి ఆవిడ లేరు.

ఇప్పటి పిల్లలు ఫోన్లో మొదటి రెండు క్షణాల్లోనే ఉన్న గొంతంతా పరిచేస్తారు. సిగ్గులేని తొందర అని ఎన్నాళ్లో తిట్టుకున్నాను. వాళ్లకున్న బుద్ధి ఆ రోజు నాకుంటే, ఆవిడ ఆ తిరగలి పాట విని వెళ్లేవారు. పెళ్లిళ్లలో ఎవరైనా పాడమంటే మా ఆడపడుచు ఇప్పటికీ కాదనదు. నా వైపే చూస్తూ ఆ మామూలు లలితగీతమే ఎత్తుకుని, ఒక్క చరణం వదలకుండా పాడుతుంది.