వెనక వరుస మీది నీడ

మొన్న మా అన్నయ్య మనవరాలు తను గీసిన ఇంటి బొమ్మ ఫోనులో చూపిస్తూ, వేలితో సూర్యుణ్ణి అటూ ఇటూ జరిపి పొద్దుటి ఎండ ఇలా, సాయంత్రపుటెండ ఇలా అంటుంటే, మణుగూరులో కాపురం పెట్టిన కొత్తలో మా ఆయన చేసిన అట్టముక్కల కాలనీ గుర్తుకొచ్చింది.

ఎనభయ్యో దశకం మొదట్లో అనుకుంటాను. సత్తుపల్లి దగ్గర పొలాల గాలికి పెరిగిన నన్ను, బొగ్గుగనుల ఆఫీసులో నక్షాలు గీసే ఆయనకిస్తే, ఒక్క కిటికీ ఉన్న ఇరుకు క్వార్టరులోకి వచ్చిపడ్డాను. చుట్టూ అడవి, పొద్దుగూకేదాకా పలకరించే మనిషి లేదు. వానాకాలం బట్టలారక, ఏడాది తిరిగేసరికి పుట్టిన మా పసిదానికి దగ్గు తగ్గక, గోడలే దగ్గరికి జరుగుతున్నట్టుండేది.

"జర ఓపిక పట్టు, కొత్త క్వార్టర్లల్లకు పోదాం" అనేవారాయన.

ఆ కొత్త క్వార్టర్ల నమూనానే, ఆఫీసులో చోటు లేక, ఇంట్లో చేశారు. పడమటి వైపు అధికారుల మేడలు, సన్నని సందు వదిలి మాబోటివాళ్లకు చిన్న ఇళ్ల వరుస, ఆ వెనక కాగితపు గుజ్జుతో గుట్ట. ట్యూబ్‌లైటు కింద ఎంత ముద్దొచ్చేదో! నీడన్నదే లేక అన్నిళ్లూ ఒకటే తెలుపు, ఏదిచ్చినా చాలుననిపించేది.

ఒకరోజు జిగురు ఆరాలని ఆయన దాన్ని కిటికీ పక్కన, మేడలు ఎండకు ఎదురుగా ఉండేట్టు పెట్టి వెళ్లారు. పొద్దు వాలేకొద్దీ మేడల నీడ సందు దాటి, వెనక వరుస గుమ్మాలెక్కి, కప్పుల్ని మింగేసింది. మరి ఉదయమో అని నమూనా అతికించిన చెక్కను తిప్పి చూస్తే గుట్ట అడ్డం. ఆయన వచ్చాక చూపిస్తే, చెక్కను తనూ రెండుసార్లు తిప్పి చూసి, తీసి గోడవారగా పెట్టేశారు.

ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం పెద్ద సారు నమూనా చూడడానికి మా ఇంటికే వచ్చి, శానా బాగుందని మెచ్చుకున్నారు. నేను ఉండబట్టలేక ట్యూబ్‌లైటు ఆర్పి, లాంతరు వెలిగించి మేడల పక్కన కిందుగా పట్టుకున్నాను.

"వెనక ఇళ్లలో పగలు కూడా దీపం లేనిదే వండుకోలేమండీ."

సారు నవ్వారు. "నీడనే కదమ్మా! మన దిక్కు ఎండలకు చల్లగ ఉంటది, మంచిదే."

మా ఆయన తలవంచుకుని మళ్లీ లైటు వేశారు. నీడలన్నీ మాయమైనాయి.

కాలనీ అలాగే కట్టారు. మాకు వెనక వరుసలోనే వచ్చింది. ఆయన రిటైరయ్యేదాకా పట్టపగలు బల్బు కిందే వండాను. నేను స్విచ్చి వేసినప్పుడల్లా ఆయన లేచి వాకిట్లోకి వెళ్లిపోయేవారు. ఆ లాంతరు సంగతి మాత్రం మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

ఆయన పోయాక ఒకసారి చుట్టాల పెళ్లికి వెళ్లి ఆ ఇల్లు చూసొచ్చాను. మేడలు పాతబడ్డాయని కూల్చేశారట. వంటింటి గట్టు నిండా సాయంత్రపుటెండ. ఇప్పుడక్కడుంటున్న అమ్మాయి, "ఏం ఎండ ఆంటీ గిది, కర్టెన్ కట్టాలె" అని విసుక్కుంది. వెచ్చగా ఉన్న ఆ గట్టు మీద కాసేపు చెయ్యి ఆన్చి, ఆయన కూడా ఉంటే బాగుండుననుకుంటూ నిలబడిపోయాను.